అరువు మంద

ప్రతి ఏడూ ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు పరిణామం పాఠం చెప్పే రోజున నేను కాస్త ముఖం గంభీరంగా పెట్టుకుని క్లాసులోకి వెళ్తాను. మగ నెమలి అంత పెద్ద తోకను ఎందుకు మోస్తుందో ఆ రోజు చెప్పాలి. ఎగరడానికి అడ్డం, నక్క కంట పడితే ప్రాణానికే ముప్పు, అయినా ఆడ నెమలి చూపు పడాలంటే ఆ తోక ఉండాల్సిందే అని చెప్పాలి. ఎంచుకునేది ఆడది, ఎంపిక కోసం తంటాలు పడేది మగది అనగానే వెనక బెంచీల్లో మగపిల్లల చేతులు వాటంతట అవే జుట్టు మీదికి పోతాయి. ముందు బెంచీల్లో ఆడపిల్లలు తల వంచుకుని నవ్వుతారు. ఎవడో ఒకడు ఏటా అదే ప్రశ్న అడుగుతాడు. "మరి మీ సారు ఏం చూపించి మిమ్మల్ని మెప్పించినాడు మేడం?" ముందు పరీక్ష పాసవ్వు, తర్వాత చెప్తాను అని వాణ్ణి కూర్చోబెడతాను.

నిజానికి మార్కాపురంలో ఈ పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు. కాలేజీ గేటు బయట నిలబడితే చాలు. సైలెన్సర్ ఊడదీసిన బండి మీద ఒకడు అటు పోతాడు, ఇటు వస్తాడు. ఎక్కడికీ పోడు. చౌరస్తాలో పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ఇంకొకడు సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎటో చూస్తుంటాడు. ఎవరిదో జీపుకు ఆనుకుని రీల్ తీసుకుంటూ, అసలు ఓనరు రాగానే పక్కకు తప్పుకునేవాళ్ళను నా కళ్ళతో చూశాను. వీళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండిన మరుక్షణం నవ్వొస్తుంది. మా అన్న గుర్తొస్తాడు.

మాది బేస్తవారిపేట నుంచి కంభం పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. గొర్రెలు మా బతుకు. నేను మార్కాపురంలో డిగ్రీ చదివే రోజుల్లో అన్న నాయనతో పాటు మందకు పోయేవాడు. ఒకసారి దొనకొండ వైపు బంధువుల పెళ్ళికి వెళ్ళి, అక్కడ ఒక అమ్మాయిని చూసి వచ్చాడు. ఆమె ఏం చేసిందయ్యా అంటే, విడిది వెనక ఒక మేక వచ్చి అన్నం గంపలో మూతి పెట్టిందట. వంటవాడు కట్టె తీసి కొట్టబోతే ఈ అమ్మాయి ఆ కట్టె లాక్కుని, గంప మీద మూత పెట్టని తప్పు నీది, మేకను కొడతావేంది అని నిలదీసిందట. అంతే, మా అన్న పని అయిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నెమలి పడింది. మీసం పెరిగింది. కంభంలో కొన్న నల్లద్దాలు ముక్కు మీదికి ఎక్కాయి. ఎండన పడి తిరిగేవాడికి నల్లద్దాలు మంచివే అనుకోండి, కానీ పొద్దు గూకినా తీసేవాడు కాదు, గడపలు తన్నుకునేవాడు. తెల్ల చొక్కా వేసుకుని గొర్రెల వెంట పోయిన మనిషిని మా ఊరు అప్పుడే మొదటిసారి చూసింది. అది చాలక మా విత్తనపు పొట్టేలు కొమ్ములకు ఆముదం రాసి, మెడలో కొత్త గంటలు కట్టాడు. సంబంధం చూసేది నీకా పొట్టేలుకా అని అడిగితే చేతిలో చెంబు నా మీదికి విసిరాడు. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది. అంత పిచ్చిగా ఒకరి కోసం ముస్తాబయ్యే వయసు మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ లేదు.

ఒక బంధువును మధ్యవర్తిగా పంపితే ఆ అమ్మాయి వాళ్ళు మాట కలిపారు. ఆమె తండ్రిది పెద్ద మంద. జీవాలు నిండుగా లేని ఇంట్లో పిల్లనివ్వనని ముందే చెప్పాడు. అందులో తప్పేమీ లేదు. మా వైపు మగవాడి పరువు చొక్కాలో ఉండదు, మందలో ఉంటుంది. మధ్యవర్తి కూడా ఏమీ తగ్గకుండా, వాళ్ళ మంద దొడ్డి పట్టదు అని చెప్పి వచ్చాడు. అది అబద్ధం కాదు, పాత నిజం. ఆయన మా మందను చూసి చాలా రోజులైంది. ఈ లోపల వానలు మొహం చాటేశాయి, కురిసిన నాలుగు చినుకుల వెంట మూతివాపు రోగం వచ్చింది. చచ్చినవి చావగా, మేత లేక నాయన మిగిలిన వాటిలో చాలా వరకు లారీకెక్కించి సంతకు పంపాడు. లారీ పోయిన రోజు నాయన దొడ్డి వైపు చూడకుండా ముందు వాకిట్లోనే పడుకున్నాడు.

ఇల్లు చూడటానికి వస్తున్నామని కబురు వచ్చింది. ఉన్నమాట చెప్పేద్దాం అంది అమ్మ. చెప్తే రారు అన్నాడు నాయన. అన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మా అన్న అన్నం వదిలి లేచాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఆ అమ్మాయి తప్ప వేరే ఎవరూ వద్దని అమ్మతో చెప్పాడు. చెప్పేటప్పుడు నల్లద్దాలు పెట్టుకునే ఉన్నాడు, ఏడుస్తున్నది కనపడకుండా. ఆ రోజు నేను ఎగతాళి చేయలేదు.

మా దొడ్డికీ పక్కింటి దొడ్డికీ మధ్య గోడ ఉండేది కాదు. ఎండిన తుమ్మకంప అడ్డం వేసి ఉండేది. కంపకు అవతల మాకు వరసకు బావ అయ్యే మనిషి ఉండేవాడు. అన్న ఈడువాడే. తండ్రి పోయాడు. తల్లీ, మందా, తనూ, అంతే సంసారం. రోగం సంగతి ముందే కనిపెట్టి సూదులు వేయించి, మందను నల్లమల అంచుకు తోలుకుపోయి కాపాడుకున్నాడు. ఆ ఏడు మా ఊళ్ళో నిండు మంద వాళ్ళదొక్కటే. వాళ్ళమ్మ కూడా అతనికి పిల్లను వెతుకుతోంది. నేను ఎదురుపడితే తల వంచుకుని దారి ఇచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి అనుకుని నేనూ పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు.

చుట్టాలు వచ్చే రోజు ఇంకా తెల్లవారుతూ ఉంది. దొడ్డి వెనక గంటల చప్పుడైతే లేచి వెళ్ళాను. కంప పక్కకు లాగి ఉంది. వాళ్ళ మందంతా మా దొడ్డిలోకి వస్తోంది. వెనక బావ. అన్న నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఈ పొద్దు నీ కాడ ఉండనీ. చుట్టాలు పోయినాక తోలుకుంటా," అన్నాడు బావ.

గొర్రెల వాళ్ళు కానివారికి ఇందులో ఏముందో తెలియదు. మేం చెప్పులు అరువిస్తాం, చేను కౌలుకిస్తాం, మందను మాత్రం ఇంకొకరి చేతికర్ర కిందికి పంపం. దిష్టి తగులుతుందంటారు, రోగం అంటుతుందంటారు. కలిసిన మందలను విడదీసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. పైగా రోగం తిరిగింది మా దొడ్డిలోనే. అందుకే అన్న అతన్ని అడగలేదు, అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక పని మొదలైంది. మా గొర్రెలకు వీపు మీద ఎర్రజాజు గుర్తు, వాళ్ళవాటికి నీలం. బకెట్లో జాజు కలిపే పని నాకు పడింది. నీలం మీద ఎరుపు పూస్తే వంకాయ రంగు తేలింది. మళ్ళీ పూశారు. మా ముగ్గురి చేతులూ మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. నా పచ్చ వోణీ నిండా మరకలే, మార్చుకునే తీరిక కూడా దొరకలేదు. నేను తిడుతూనే కలిపాను. ఆ రోజు పొద్దున జాజు వాసన, గొర్రెల ఊపిరి, ఎవరూ మాట్లాడకుండా చేసిన ఆ హడావిడి, ఇవన్నీ ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. పాలు మరవని గొర్రెపిల్లలను మేతకు తోలుకుపోరు, తల్లులు తిరిగొచ్చేదాకా దొడ్డిలోనే ఉంచుతారు. బావ తల్లి గొర్రెలను మా వైపు తోలాడు గానీ పిల్లలు అవతలే ఉండిపోయాయి. గొర్రెల మధ్య పుట్టి గొర్రెల మధ్య పెరిగిన ముగ్గురు మగవాళ్ళు, నాయన, అన్న, బావ, దీన్ని మరిచిపోయారు. చుట్టాలు మధ్యాహ్నం రైలుకు తిరిగి పోతారు కదా, పొద్దు గూకే సంగతి ఇప్పుడెందుకు అనుకున్నారు.

వాళ్ళు కంభంలో రైలు దిగి ఆటోలో వచ్చారు. అమ్మాయి తండ్రి, మధ్యవర్తి, అమ్మాయి నాయనమ్మ. ఆ ముసలామెను అందరూ అవ్వ అనే పిలిచారు. నాయన వాళ్ళను చేను గట్టుకు తీసుకెళ్ళి మేస్తున్న మందను చూపించాడు. అమ్మాయి తండ్రి పొట్టేలు నడుం మీద చెయ్యి వేసి చూశాడు, కొమ్ముల మీద ఆముదం వేళ్ళకు అంటితే పంచెకు తుడుచుకున్నాడు. మంద మీద నుంచి ఆయన చూపు ఒక పట్టాన మరలలేదు. సంతోషంగా ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. అమ్మ వంట చేసి ఉంచింది గానీ ఎవరూ ముట్టలేదు. సంబంధం కుదిరిందని తేలేదాకా ఆ ఇంట అన్నం తినకపోవడం మా వైపు ఆనవాయితీ. మజ్జిగ తాగారు, బొరుగులు తిన్నారు. ఇక బయల్దేరదామని ఆయన తువ్వాలు దులిపాడు.

అవ్వ కదల్లేదు. "గొర్రెలు ఇల్లు జేరినాక పోదాం. మేసేటప్పుడు ఏ మందైనా ఒకటే," అంది.

రైలు పోతుందని కొడుకు గుర్తు చేశాడు. పోతే పోనీ, మళ్ళీ ఇంకోటి రాదా అంది. నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు అప్పుడు వెలిగింది, పిల్లల సంగతి. చేదబావికి పోతున్నట్టు బిందె చంకన పెట్టుకుని చుట్టూ తిరిగి కంప అవతలికి పోయాను. బావ వాళ్ళ దొడ్డిలో చిన్న పిల్లలు గంపల కింద, కాస్త పెద్దవి బయటా ఉన్నాయి. అవ్వ సాయంత్రం దాకా ఉంటుందని, పిల్లలు అరిస్తే అంతా బయట పడుతుందని చెప్పాను. నేను చూసుకుంటా, నువ్వు పో అన్నాడు. అతను నాతో అంత పొడవు మాట మాట్లాడటం అదే మొదలు.

పొద్దు వాలింది. అవ్వ మంచాన్ని దొడ్డి వైపుకు వేయించుకుని కూర్చుంది. నేను కంప పక్కన, రెండు దొడ్లూ కనపడే చోట నిలబడ్డాను. కంప సందుల్లోంచి చూస్తే బావ ఇవతలి అంచునే, నేల మీద చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళో రెండు గొర్రెపిల్లలు. ఒకదానికి సీసాతో మేకపాలు పడుతున్నాడు, ఇంకోదాని నోట్లో వేలు పెట్టాడు, కాళ్ళ మధ్య దూరిన వాటిని మోకాళ్ళతో ఆపుతున్నాడు. చిన్నగా ఏదో అంటూ వాటిని సముదాయిస్తున్నాడు. చేతుల మీద పొద్దుటి జాజు ఇంకా ఎర్రగానే ఉంది. మీసం లేదు, నల్లద్దాలు లేవు, తెల్ల చొక్కా లేదు. ఇంకొకరి పెళ్ళి కోసం ఒక మనిషి అంత పాటు పడటం నేను అంతకుముందు చూడలేదు. మా అన్న బతుకు ఆ పూటే తేలబోతోందని తెలిసి కూడా నేను కాసేపు అటే చూస్తూ ఉండిపోయాను.

దుమ్ము లేపుకుంటూ మంద వచ్చింది. ముందు పొట్టేలు గంటలు, వెనక అన్న. అంతా మా దొడ్డి వాకిలి దగ్గరికి వచ్చేదాకా బాగానే ఉంది. అప్పుడు కంప అవతల ఒక్క పిల్ల, ఒకే ఒక్కటి, సీసా వదిలి అరిచింది.

ఒక తల్లి ఆగింది, తల ఎత్తి బదులు పలికింది. ఇక అవతల పిల్లలన్నీ అందుకున్నాయి. రోజంతా పొదుగులు బరువెక్కిన తల్లులు అన్న కేకనూ కర్రనూ లెక్క చెయ్యలేదు. కంపను తొక్కుకుంటూ, ముళ్ళు గీరుకుంటూ, మిగతావీ వాటి వెంటపడి, వాళ్ళ మందంతా అటు పరుగు తీసింది. మేం ఎర్రజాజు పూసిన వీపులన్నీ మా కళ్ళముందే పక్కింటికి వెళ్ళిపోయాయి. మా వాకిట్లో మిగిలినవాటిని చూస్తే నాకే సిగ్గేసింది. మా పొట్టేలు మాత్రం కొమ్ములు మెరిపించుకుంటూ మధ్యలో నిలబడింది.

అమ్మాయి తండ్రి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అవ్వ మాత్రం అన్నను దగ్గరికి పిలిచి, ఆ మంద ఎవరిదని అడిగింది. అన్న నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మా బావది అవ్వా. మావి ఈ కాసినే."

"అడిగి తెచ్చుకున్నావా?"

"అడగలే. తెల్లారేపాటికి తోలుకొచ్చి విడిచినాడు."

అవ్వ చేతికర్ర అందుకుని కంప దగ్గరికి నడిచింది. కొడుకూ వెంట వచ్చాడు. బావ ఒళ్ళోని పిల్లను దింపి లేచి నిలబడ్డాడు. తల్లులు పిల్లలకు పాలిస్తున్నాయి. అమ్మాయి తండ్రి ఆ మందను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. అతనికి పెళ్ళయిందా అని మధ్యవర్తిని అడిగాడు. కాలేదని తెలిశాక దాపరికం లేకుండా అందరి ముందే అన్నాడు.

"మనం వచ్చింది మందను చూసి. మంద ఈడుంది. ఈ పిల్లోన్నే అడుగుదాం."

ఆయన్ని నేను తప్పు పట్టలేదు. నా పుస్తకంలో ఆడ నెమలి చేసేదీ అదే. తోక ఎవరిదైతే వరుడు వాడే. కానీ అన్న మొహం చూడలేకపోయాను. మేకను కాపాడిన ఆ అమ్మాయి కంపకు అవతల, రోజూ కళ్ళెదురుగా, ఇంకొకరి ఇల్లాలుగా తిరగబోతోందని ఒక్క క్షణంలో అతనికి అర్థమైంది. అమ్మ వాకిట్లో కూలబడింది. బావ తల్లి గడపలోకి వచ్చి కొడుకు వైపే చూస్తోంది. వెతకని సంబంధం ఇంటికి నడిచొచ్చింది, ఏ తల్లి కాదంటుంది?

బావ చేతిలోని పాలసీసా కింద పెట్టాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మామా. వానికి పిల్ల రావాలని ఇచ్చినా గానీ, నాకు రావాలని కాదు."

అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. పిల్లను ఇవతలి ఇంట్లోనే ఇస్తున్నామని చెప్పింది. ఏం చూసి అన్నాడు కొడుకు, గొంతులో చిరాకు దాచుకోకుండా.

"మంద ఈ ఏడుంటాది, వచ్చే ఏడు రోగమొస్తే పోతాది. అడక్కముందే మందను తోలుకొచ్చి విడిచే మనిషి కంపకు అవతలుంటే మన పిల్లకు ఏ కరువూ రాదు. అట్లాంటోడు వీని కోసం ఇంత చేసినాడంటే వీడూ మంచోడే అయ్యుంటాడు. అబద్ధమాడినందుకు రెండు తగిలించాల, అది నా మనవరాలు చూసుకుంటాది."

అని మా అమ్మ వైపు తిరిగి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిమ్మంది. అన్నం వడ్డించమంది. పొద్దున వండిన అన్నం చల్లారి మెతుకు బిగిసిపోయింది. ఆ అన్నాన్నే అవ్వ పప్పు పోసుకుని తృప్తిగా తిన్నది. అమ్మ వడ్డిస్తూ ఏడ్చింది, ఏడుస్తూ వడ్డించింది. అమ్మాయి తండ్రి కూడా కాసేపు బిగదీసుకుని కూర్చుని, చివరికి చేయి కడిగాడు.

అలా మా వదిన మా ఇంటికి వచ్చింది. అవ్వ అప్పగించిన రెండూ మొదటి వారంలోనే తగిలించింది కూడా. నల్లద్దాలు ఆమే తీసి పెట్టెలో పడేసింది.

నేను ఎమ్మెస్సీ చదివాను. పక్షుల కూతలు, జింకల కొమ్ములు, చేపల రంగులు, అన్నీ చదివాను. మగజీవి తన గొప్ప చూపించడానికి ఎన్ని పాట్లు పడుతుందో పుస్తకాలనిండా ఉంది. నాకు మాత్రం చదివేకొద్దీ ఆ సాయంత్రమే అడ్డం వచ్చేది. ఏ నెమలీ ఇంకో నెమలికి తోక అరువివ్వదు. ఇస్తే తన ముందు ఆడ నెమలి నిలబడదు. మా బావ ఇచ్చాడు. ఇచ్చినందుకు అనుభవించాడు కూడా. ఇంటికొచ్చిన సంబంధాన్ని కాదన్నవాడు, మందను ఊరికి పంచిపెట్టేవాడు అని పేరు పడింది. తర్వాత వచ్చిన రెండు మూడు సంబంధాలు ఆ పేరు విని వెనక్కి పోయాయి. వాళ్ళమ్మ కంపకు ఇవతల నిలబడి మా అమ్మతో ఈ బాధే చెప్పుకునేది.

చదువు అయ్యాక నేను గిద్దలూరులో ఒక కాలేజీలో చేరాను. నాయన ఉద్యోగస్తుల సంబంధాలు తెచ్చాడు. ఒకతను పెళ్ళిచూపులకు మెరిసిపోయే కారులో వచ్చాడు. తాళంచెవి వేలికి తిప్పుతూనే కూర్చున్నాడు. మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని పంపితే, కారు మీదేనా అని అడిగాను. కాదు, స్నేహితుడిదన్నాడు. నిజమే చెప్పాడు, అందుకు మెచ్చుకోవాలి. అడిగితే ఇచ్చాడా, అడక్కముందే ఇచ్చాడా అని అడిగాను. ఆ ప్రశ్న అతనికి వింతగా తోచింది. రెండు రోజులు వెంటపడితే ఇచ్చాడని నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక నాయనతో నాకు ఈ సంబంధం వద్దని, నేను ఎవరిని చేసుకుంటానో కూడా చెప్పాను.

నాయన చాలాసేపు నమ్మలేదు. ఇంత చదివి గొర్రెల కాడికి పోతావా అన్నాడు. గొర్రెల కాడ పుట్టినదాన్నే కదా అన్నాను. అమ్మ కంప వైపు చూసింది. అన్న తల గోక్కున్నాడు. అప్పుడు వదిన వంటింట్లోంచి వచ్చి, మా అవ్వ ఆయన కంపకు అవతలుంటే చాలంది కదమ్మా, నీకు చాలదా అని కళ్ళెగరేసింది.

"మీ అవ్వకు చాలు వదినా," అన్నాను, "నాకు చాలదు."

ఇప్పుడు ఆ కంప లేదు. అన్న కొత్త ఇల్లు కట్టినప్పుడు సిమెంటు గోడ లేచింది, దానికొక చిన్న గేటు. అవ్వ పోయింది, అమ్మా నాయనా పోయారు. నేను రోజూ బస్సెక్కి మార్కాపురం పోయి పాఠాలు చెప్పి వస్తాను. స్టాఫ్ రూములో కొత్తగా చేరినవాళ్ళు మీ సారు ఏం చేస్తారండీ అని అడుగుతారు. గొర్రెలు కాస్తాడు అంటాను. హాస్యమాడుతున్నానని నవ్వుతారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి మంద వస్తూ ఉంటుంది, పిల్లలు అరుస్తాయి, తల్లులు పలుకుతాయి. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఏదో బయటపడబోతున్నట్టే ఉంటుంది.

ఒక అనుమానం మాత్రం నాలో ఇన్నేళ్ళూ ఉండిపోయింది. ఆ రోజు పిల్లల సంగతి నేను అతనికి ముందే చెప్పాను కదా. వాటిని ఇంట్లోకి తోలి తలుపు మూసి ఉంటే అరుపు ఇవతలికి వినపడేది కాదు. అంత తెలిసిన గొర్రెల కాపరి, తల్లులకు ఇట్టే వినపడేటట్టు, పోయి పోయి కంప అంచున ఎందుకు కూర్చున్నాడు? అతనికి తోచలేదేమో అని సరిపెట్టుకునేదాన్ని.

ఈ ఏడు పరిణామం పాఠం చెప్పిన రోజు కూడా ఒక పిల్లవాడు లేచి అదే ప్రశ్న అడిగాడు. సాయంత్రం దొడ్డిలో గొర్రెపిల్లలకు పాలు పట్టించడంలో సాయం చేస్తూ, నేను ఆయన్ని ఆ మాట అడిగేశాను. ఇంట్లో వేసి తలుపెయ్యాలని నీకు తోచలేదా అన్నాను. ఆయన పాలు తాగిన పిల్లను కిందికి వదిలి, ఇంకోదాన్ని ఎత్తుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, ఈ వయసులో.

"తోచింది," అన్నాడు. "ఇంట్లోకి పోతే నీ పచ్చ వోణీ కనపడదు గదా."